బ్రిటిష్ నటి థాండివే న్యూటన్ నటనకూ, ‘నేను’ గురించి ఆమె చేసిన ప్రసంగానికీ సంబంధం ఏమిటి?

నా దృష్టిలో రెండూ విడదీయలేనివి. ఆమె తల్లిది జింబాబ్వే, తండ్రిది ఇంగ్లండ్. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో నన్‌లు నడిపే కాథలిక్ బడిలో, అందరూ తెల్లపిల్లలే ఉన్నచోట, ఆమె నల్లపిల్ల. పైగా దేవుణ్ణి నమ్మని పిల్ల. అక్కడ ఇమడని ఆ ‘నేను’ నాట్యం చేస్తున్నప్పుడు మాయమయ్యేదని, తర్వాత నటనలోనూ అదే జరిగిందని 2011లో టెడ్ ప్రసంగాల వేదికపై చెప్పారు. అప్పుడు మిగిలేది ఆ క్షణంలో నిండుగా ఉండటమే. ఇది విన్నాక, ‘వెస్ట్‌వరల్డ్’ టీవీ సిరీస్‌లో తన గతం ఎవరో రాసిపెట్టిన కథేనని గ్రహించే, ఆమె పోషించిన మేవ్ అనే మరమనిషి పాత్ర నన్ను మరింత కదిలించింది. దానికి 2018లో అమెరికా టీవీ పురస్కారం ఎమ్మీ వచ్చింది. అంతకుముందే ‘క్రాష్’ సినిమాకు బ్రిటిష్ సినీ పురస్కారం బాఫ్టా అందుకున్నారు. ఏళ్ల తరబడి తెరపై ‘థాండీ’గా కుదించి వేసిన పేరును 2021లో పూర్తిగా ‘థాండివే’గా తిరిగి తీసుకున్నారు.