గోళంలో హాలు కడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్ములుకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పూర్తి గోళం లోపల హాలు డిజైన్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నూట యాభై మంది కూర్చుని ఉపన్యాసాలు వినే చోటట, లోపలంతా నున్నటి తెల్లటి గోడట, "సౌండ్ సంగతి తర్వాత చూసుకుందాం" అన్నావట. ఆ చివరి మాట విన్నప్పటి నుంచీ ఒకటే టెన్షన్. గోళంలో సౌండ్ తర్వాత చూసుకునేది కాదమ్మా. గోడ గుండ్రంగా గీసినప్పుడే సగం సౌండ్ డిజైన్ అయిపోయినట్టు.

సౌండ్ ఇంజనీరును మొదటి మీటింగుకే పిలువు. ఏసీ చప్పుడు తగ్గించు. కంప్యూటర్ మోడల్ చేయించు. ఇవి నీకు తెలిసినవే.

కేంద్రం దగ్గర మాత్రం కాస్త ఆగు. అక్కడ నిలబడి మాట్లాడితే మాట అన్ని వైపులకూ పోయి, అన్ని వైపుల నుంచీ ఒకేసారి తిరిగి అక్కడికే వస్తుంది. బోస్టన్‌లో మాపేరియం అని రంగుటద్దాల గ్లోబు ఉంది, 1935లో కట్టారు. 608 అద్దపు పలకలు, అడ్డంగా 30 అడుగులు. దాని మధ్య వంతెన మీద నిలబడి మాట్లాడితే మన గొంతు మన చుట్టూ మోగుతుంది. గోడ నాలుగున్నర మీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి మాట 26 మిల్లీసెకన్లలో వెనక్కి వస్తుంది. అంత త్వరగా వస్తే చెవి దాన్ని విడదీయలేదు, గొంతు పెద్దదైనట్టే ఉంటుంది. నీ గోళం వ్యాసార్థం పది మీటర్లట. మాట పోయి రావడానికి 58 మిల్లీసెకన్లు. మాటల విషయంలో 50 దాటితే చెవికి అది వేరే మాటగా తగలడం మొదలవుతుంది. మాట్లాడేవాళ్లకు తమ మాటే అడ్డం పడుతుంది.

అందుకే ఫ్లోరు బాగా కిందికి దించు. తలలు కేంద్రానికి మూడు, నాలుగు మీటర్లు కిందుగా ఉంటే, పైకప్పు నుంచి వచ్చే ధ్వని కేంద్రానికి అవతల, మనుషుల్లేని చోట పోగవుతుంది. దాంతో సమస్య అంతా పోదు గానీ, గండం గడుస్తుంది.

గోడ వెంబడి ఇంకో తమాషా ఉంది, అది నీకు గుర్తుండాలి. నీ చిన్నప్పుడు బీజాపూర్ గోల్ గుంబజ్‌కు తీసుకెళ్లాను. 1656 నాటి కట్టడం, గుమ్మటం అడ్డంగా సుమారు 38 మీటర్లు. జనం రాకముందే పైన గ్యాలరీలోకి ఎక్కాం. అవతలి పక్కన గోడకు నోరు ఆనించి "మావయ్యా, ఆకలేస్తోంది" అని గుసగుసలాడావు. నా చెవి పక్కనే చెప్పినట్టు వినపడింది. అప్పుడు నీ కళ్లు చూడాలి! ధ్వని గోడను అంటిపెట్టుకుని పోతుందని ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించాడు, మన సి.వి. రామన్ కూడా ఇలాంటి గ్యాలరీల మీద ప్రయోగాలు చేశాడు. ఆ తమాషాను నీ హాలులో గోడ పక్క సీట్లలో కూర్చున్నవాళ్లు భరించాలి. అవతలి పక్కన ఎవరో దగ్గితే ఇక్కడివాళ్లు ఉలిక్కిపడతారు.

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసిన ఒక గుమ్మటం హాలులో లోపలి వైపంతా సన్న చిల్లుల అల్యూమినియం రేకు, దాని వెనక మందంగా రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన ఉన్ని. ప్లానెటేరియాల్లో చేసే పద్ధతే. ధ్వని చిల్లుల్లోంచి వెళ్లి ఆ ఉన్నిలో ఇంకిపోవాలి. టెస్ట్ చేసినప్పుడు చప్పట్లు కొడితే తేటగా ఆగిపోయింది. ప్రారంభానికి ముందు రేకు మీద మరకలు కనిపించాయని హాలు తాలూకు వాళ్లు ఎవర్నీ అడక్కుండా రోలర్‌తో రెండు కోటింగులు పెయింట్ వేయించారు. ప్రారంభం రోజు ఒక టీచరమ్మ లేచి మాట్లాడబోయింది. రెండు వాక్యాలయ్యాక గొంతు తగ్గించింది, ఇంకో వాక్యానికి ఆగిపోయి, తప్పు తనదే అన్నట్టు చుట్టూ చూసింది. వెనక వరసల్లో పిల్లలకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. సాయంత్రం నిచ్చెనెక్కి చూశాను. పెన్సిల్ మొన దిగే చిల్లులు మూడొంతులు పెయింటు పొరతో మూసుకుపోయాయి. గోకితే ఊడలేదు. చివరికి రేకులన్నీ దింపి కొత్తవి వేశారు. ఆవిడ మొహం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఆవిడ తప్పేముంది?

అందుకని "దీని మీద పెయింట్ వేయరాదు" అని డ్రాయింగులో రాయి, మెయింటెనెన్స్ పుస్తకంలో రాయి, రేకు అంచు మీద కూడా అచ్చు వేయించు. తెల్లటి నున్నటి గోడే కావాలని క్లయింటు పట్టుబడితే చిల్లుల రేకే తెల్లగా తెప్పించు, దూరం నుంచి చిల్లులు కనపడవు. ఒక అంగుళం ఫోమ్ అంటించి సరిపెడతామంటే మాత్రం ఒప్పుకోకు. అది కీచు శబ్దాలను మింగుతుంది, మగవాళ్ల గొంతులోని బొంగురు అలాగే మోగుతుంది. 100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవే మూడున్నర మీటర్లు, అంగుళం దాన్నేం చేస్తుంది?

తర్వాత సర్దుకోవచ్చులే అంటావేమో. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలును 1871లో తెరిచిన రోజునే ప్రతిధ్వని బయటపడింది. గుమ్మటం కింద ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీసింది 1969లో. అంతమంది పెద్దవాళ్లకు అన్నేళ్లు పట్టిందమ్మా.

నేను కాస్త గట్టిగా చెబుతున్నానని బాధపడకు. ఈమధ్య చెవి మిషన్ పెట్టుకున్నాను. మోగే గదిలో అది మాటనూ మోతనూ కలిపి పెంచుతుంది, ఒక్క పదం తెలీదు. నీ హాలులోకి నాలాంటి వాళ్లూ వస్తారు. నువ్వు కట్టింది చూడ్డానికి నేనూ వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను.

హాలును నిలువునా కోసినట్టు చూపించే సెక్షన్ డ్రాయింగ్ ఈ వారంలోనే పంపు. కేంద్రం దగ్గర ఎర్ర చుక్క పెట్టు, మాట్లాడేవాళ్ల తల ఎంత ఎత్తులో ఉంటుందో దాని పక్కనే రాయి. రేకు వెనక ఉన్నికి ఎంత చోటు వదిలావో కూడా రాయి. కనీసం ఒక అడుగు లేకపోతే ఫోన్ చేస్తాను.

మీ మావయ్య