చెవిలో గుయ్యిమనే మోతకు గాబా గోళీలు పనిచేస్తాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. సుల్తానాబాద్ దగ్గర రైస్ మిల్లులో 18 ఏళ్లుగా పనిచేస్తున్న. ఏడాదిగా రెండు చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువ. నరాల బలహీనత అని అల్ప్రాజోలం రాసిచ్చారు. వేసుకున్న రోజు నిద్ర పడుతుంది, లేకుంటే మళ్లీ అదే గోస. మెదడులో 'గాబా' తగ్గితే ఇలా అవుతుందని యూట్యూబ్‌లో చూసిన. గాబా గోళీలు వాడవచ్చా?
– ఒక పాఠకుడు, పెద్దపల్లి జిల్లా

జవాబు: మీరు విన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ గోళీలు కొనకండి.

లోపలి చెవిలో ఉండే రోమ కణాలు శబ్దాన్ని అందుకుని గ్లుటమేట్ అనే రసాయనాన్ని వదులుతాయి. వినికిడి నరం మీది గ్రాహకాలు, అంటే రిసెప్టార్లు, దాన్ని పట్టుకుంటేనే కబురు మెదడుకు వెళ్తుంది. దారిలో మెదడు కాండంలోని కేంద్రాల దగ్గర గ్లైసిన్, గాబా అనే మరో రెండు రసాయనాలు తమ గ్రాహకాల ద్వారా ఆ కబురును అదుపు చేస్తాయి. ఏ శబ్దం ఎటు నుంచి వచ్చింది, రొదలో ఎవరి మాట వినాలి అన్నది తేలడానికి ఈ అదుపు ఎంతో అవసరం.

ఏళ్ల తరబడి మిల్లు మోతకు రోమ కణాలు దెబ్బతింటాయి. మనలాంటి క్షీరదాల్లో అవి మళ్లీ పుట్టవు. చెవి నుంచి కబురు తగ్గేసరికి పై కేంద్రాల్లో గాబా, గ్లైసిన్ అదుపు సడలుతుందని జంతువుల మీది పరిశోధనల్లో కనిపించింది. స్టేషన్ సరిగా అందని రేడియోకు సౌండు పెంచితే గరగర వస్తుంది కదా, మీ మోత కూడా దాదాపు అలాంటిదే. దీన్ని నరాల బలహీనత అనడం నాకు సరిగా అనిపించదు.

మరి గాబా పెంచితే సరిపోదా? మింగిన గాబా మెదడులోకి సరిగా చేరదు. అల్ప్రాజోలం గాబా గ్రాహకాల మీదే పనిచేస్తుంది, కానీ వినికిడి దారిలోనే కాదు, మెదడంతటా. అందుకే మత్తు, మతిమరుపు, చివరికి అలవాటు. అయినా దాన్ని ఒక్కసారిగా మానకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. చెవి మోత కోసమే ఆమోదం పొందిన మందు ఇప్పటిదాకా లేదు.

ముందు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోగానీ, దగ్గర్లోని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరగానీ చెవి చూపించుకుని ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించండి. గులిమి గట్టిపడినా మోత వస్తుంది. వినికిడి తగ్గినట్టు తేలితే మిషన్ పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. చెవికి శబ్దం సరిగా అందితే చాలామందికి మోత మరుగున పడుతుంది. రాత్రి ఫ్యాను చప్పుడో, సన్నని పాటలో పెట్టుకోండి. మిల్లులో చెవులు మూసే ఇయర్‌మఫ్ తప్పనిసరి. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజూ 8 గంటలు ఉంటే చెవి పాడవుతుంది. మీ తోటి హమాలీలకూ ఈ మాట చెప్పండి.

మోత ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు వినిపించినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయొద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.