ముందు ఎవరి లాభం చూడాలో అల్గారిథమ్‌కి చెప్పేదెవరు?

ప్రశ్న: 'డిజిటల్ యుగంలో స్టేక్‌హోల్డర్ విలువ' (అంటే వాటాదారులే కాదు, ఉద్యోగులు, కస్టమర్లు, సమాజం అందరికీ దక్కే మేలు) మీద మా క్లాసులో తలా ఒకరి గురించి మాట్లాడమన్నారు. నాకు టిమ్ ఓరైలీ వచ్చారు. ఒకచోట పుస్తకాల పబ్లిషర్ అంటారు, ఇంకోచోట ఆర్థిక విషయాల ఆలోచనాపరుడు అంటారు. అసలు ఈయన చెప్పేదేంటండీ? మనం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అంటామే, అదేనా ఇది?
- ఎంబీఏ విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండూ నిజమేనమ్మా. అమీర్‌పేటలో కోర్సులు చేసిన పాతకాపులెవరినైనా అడగండి, అట్ట మీద జంతువు బొమ్మ ఉండే లావుపాటి ప్రోగ్రామింగ్ పుస్తకాలు అనగానే గుర్తుపడతారు. పెర్ల్ పుస్తకం మీద ఒంటె ఉంటుందే, ఆ కంపెనీ ఈయనదే. ఐర్లాండ్‌లో పుట్టారు, శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగారు, హార్వర్డ్‌లో చదివింది కంప్యూటర్లు కాదు, గ్రీకు, లాటిన్ సాహిత్యం. 1978లో కంపెనీలకు టెక్నికల్ మాన్యువల్స్ రాసిపెట్టే పనితో మొదలుపెట్టి, తర్వాత పబ్లిషింగ్‌లోకి, కాన్ఫరెన్సుల్లోకి వెళ్లారు. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్), వెబ్ 2.0 (వాడేవాళ్లే సరుకు నింపే వెబ్‌సైట్ల తరం) అనే మాటలు జనం నోళ్లలో నానడంలో ఆయన చెయ్యి చాలా ఉంది.

ఆయన వ్యాపార సూత్రం ఒక్కటే, మనం జేబులో వేసుకునేదానికంటే ఎక్కువ విలువ బయట పుట్టించాలి. వినడానికి గోడమీద పోస్టర్‌లా ఉంటుంది, నిజమే. అసలు విషయం 2017లో రాసిన పుస్తకంలో ఉంది. ప్రతి అల్గారిథమ్‌కీ, అంటే ఎవరికి ఏది చూపాలో తేల్చే కంప్యూటర్ లెక్కకి, ఎవరో ఒక లక్ష్యం పెడతారు, అది కళ్లు మూసుకుని దాని వెంటే పరిగెడుతుంది, జనాన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టమంటే కూర్చోబెడుతుంది, అబద్ధమా నిజమా దానికి పట్టదు. సరే, మరి ఆ కంపెనీలకి లక్ష్యం పెట్టేదెవరు? షేర్ మార్కెట్. మనిషి చేతిలోంచి జారిపోయిన మొదటి యంత్రం ఏదో కాదు, వాటా ధర తప్ప ఇంకేమీ కనపడని ఆ మార్కెట్టే అంటారాయన. 1970లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో 'వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత లాభం పెంచుకోవడమే' అని రాశాక, ఆ లక్ష్యానికి ఒక సిద్ధాంతం అండ కూడా దొరికింది.

ఇక సీఎస్ఆర్ సంగతి. మన 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. అది లాభం వచ్చాక ఖర్చు గురించి. ఓరైలీ అడిగేది ఆ లాభం ఎలా వచ్చిందని. అదే చట్టంలో 166వ సెక్షన్ చదవండి, డైరెక్టర్లు వాటాదారులతోపాటు ఉద్యోగుల మేలు, సమాజం మేలు, పర్యావరణ రక్షణ కూడా చూడాలని రాసి ఉంది. అంటే స్టేక్‌హోల్డర్ అనే ఆలోచన మన చట్టంలోనే ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ. ప్రెజెంటేషన్‌లో ఇది చెప్పండి, మీ సార్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ప్రశ్న: ఒక పెద్ద ఆన్‌లైన్ సైట్‌లో నేత చీరలు అమ్ముతాం. మొదట్లో చీర బాగుంటే చాలు, పైన కనపడేది. ఇప్పుడు యాడ్‌కి డబ్బు కట్టకపోతే మా చీర ఏ మూల ఉందో మాకే దొరకదు. కమిషన్, యాడ్ పోను మిగిలేది చూస్తే టెన్షన్ వస్తోంది. ఇలాంటి వాటి గురించి ఈ ఆలోచనాపరులు ఏమంటారు?
- చీరల వ్యాపారి, చీరాల

జవాబు: మీరు చెప్పిన దానిమీదే టిమ్ ఓరైలీ ఈమధ్య ఎక్కువగా పనిచేస్తున్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఆర్థికవేత్తలు మారియానా మజుకాటో, ఇలాన్ స్ట్రాస్‌లతో కలిసి దీనికి ఒక లెక్క కట్టారు. వాళ్ల వాదన ఇదీ. కొనేవాడి చూపు ఎక్కడ పడుతుందో నిర్ణయించే అధికారం సైట్ చేతిలో ఉంది, కాబట్టి ఆ చూపుకి అద్దె వసూలు చేయగలదు. సైట్ ఎదిగేటప్పుడు కొనేవాళ్లకి మంచి సరుకే ముందు చూపిస్తుంది, అమ్మేవాళ్లనీ బతిమాలి తెచ్చుకుంటుంది. ఇద్దరూ ఇంకెక్కడికీ పోలేని స్థితికి వచ్చాక ఎదుగుదల తగ్గుతుంది, కానీ మూడు నెలలకోసారి మార్కెట్‌కి పెరుగుదల చూపించక తప్పదు. అప్పుడు పై వరసలన్నీ యాడ్‌లకి పోతాయి. అమెజాన్ సెర్చ్ పేజీలు తీసుకుని చూస్తే, డబ్బు కట్టి పైకొచ్చిన వస్తువుల ధర ఎక్కువగానూ, అమెజాన్ సొంత లెక్కలోనే వాటి ర్యాంకు తక్కువగానూ ఉన్నట్టు వాళ్లకి తేలింది. నష్టం మీకు ఒక్కరికే కాదు, కొనే ఆవిడకి కూడా.

మందు ఏంటంటే, యాడ్‌లు ఆపేయమని ఆయన అనరు. ఆదాయం, లాభం బయటపెట్టినట్టే ఈ లెక్కలు కూడా బయటపెట్టాలంటారు. ఎన్ని క్లిక్‌లు యాడ్‌లకి పోతున్నాయి, అమ్మేవాళ్ల దగ్గర మొత్తం ఎంత లాగుతున్నారు, ఏడాదికేడాదికి అదెలా పెరిగింది, ఇవన్నీ. ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే న్యాయం, విలువలు అని ఉపన్యాసాలు దంచడం తేలిక, అంకెలు అడిగితేనే అవతలివాళ్లకి చెమట పడుతుంది.

మన దగ్గర కేంద్రం తెచ్చిన ఓఎన్‌డీసీ ఉద్దేశం కూడా దీనికి దగ్గరే, ఒక యాప్‌లో చేరిన దుకాణం వేరే యాప్‌లో వెతికేవాళ్లకీ కనపడాలని. అందులో చేరితే కష్టాలు తీరిపోతాయని మాత్రం నేను చెప్పను. ఒక్క చీర అమ్మడానికి యాడ్ ఖర్చు ఎంత పడుతోందో నెలనెలా రాసి పెట్టుకోండి, మళ్లీ కొనే కస్టమర్లని వాట్సాప్‌లో మీ చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: ఈ ఓరైలీ గారూ వ్యాపారే కదా. కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే వెంచర్ ఫండ్ కూడా ఉందట, 2020లో కాన్ఫరెన్సుల విభాగం మూసేసి మనుషుల్ని తీసేశారట. నీతులు ఎదుటివాళ్లకేనా?
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీరన్నవి రెండూ జరిగినవే సార్. కోవిడ్ వచ్చిన మార్చిలోనే ఆ విభాగం శాశ్వతంగా మూసేశారు, ఉద్యోగాలూ పోయాయి. అందరి మేలు చూసే కంపెనీ ఎప్పుడూ ఎవర్నీ తీసేయదని ఎవరైనా చెబితే నమ్మకండి. నా అభ్యంతరం వేరేచోట ఉంది. కంపెనీ పెద్దలు మనసు మార్చుకుంటే చాలా మారుతుందన్న ఆశ ఆయన రాతల్లో కాస్త ఎక్కువ. 2019లో అమెరికాలో పెద్ద కంపెనీల సీఈవోల సంఘం బిజినెస్ రౌండ్‌టేబుల్‌లో 181 మంది సీఈవోలు 'ఇకనుంచి అందరి మేలు చూస్తాం' అని సంతకాలు పెట్టారు. సంతకం పెట్టడానికి ఏం పోయింది సార్?

ప్రశ్న: అన్నా, నేను ఫుడ్ డెలివరీ చేస్తా. రేటు ఎందుకు తగ్గిందో, ఐడీ ఎందుకు బ్లాక్ అయ్యిందో చెప్పేవాడు లేడు. ఈ పెద్ద మాటలతో నాకేం వస్తుంది?
- డెలివరీ బాయ్, హైదరాబాద్

జవాబు: మాటలతో ఏమీ రాదు తమ్ముడూ, చట్టంతో కొంత వస్తుంది. కేంద్రం చేసిన 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. మీలాంటివాళ్ల సామాజిక భద్రతా నిధికి యాప్ కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కట్టాలని అందులో ఉంది, మీకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా. నువ్వడిగిన ఐడీ సంగతికి దగ్గరగా వచ్చింది మాత్రం కర్ణాటక. 2025లో వాళ్లు చేసిన చట్టం ప్రకారం పనిలోంచి తీసేసే ముందు 14 రోజుల నోటీసు ఇవ్వాలి, కారణం చెప్పాలి, పనిమీద ప్రభావం చూపే ఆటోమేటిక్ సిస్టమ్ ఎలా నడుస్తుందో కార్మికుడికి తెలియజేయాలి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నీ పేరు లేకపోతే ఈ వారమే ఉచితంగా నమోదు చేసుకో. యూనియన్ మీటింగ్‌కి వెళ్తే రేటుతోపాటు ఆ కర్ణాటక క్లాజు గురించి కూడా గట్టిగా అడుగు.