అపార్ట్‌మెంట్ గ్రూపు చూసుకుంటున్న అమ్మడికి

అమ్మడూ,

మియాపూర్‌లో మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నీ చేతికొచ్చిందని, తెల్లారితే చాలు వైఫై మొదలుకొని వాటర్ ట్యాంకర్ దాకా అందరూ నిన్నే అడుగుతున్నారని మీ అమ్మ చెప్పింది. నీకు విసుగొస్తోందని కూడా చెప్పింది. టెలిఫోన్ శాఖలో ఉన్నన్నాళ్లూ నా పని కంప్లయింట్లు వినడమే. రిటైరయ్యాక ఇక్కడ మల్కాజ్‌గిరిలో చుట్టుపక్కలవాళ్లు ఫోన్ పట్టుకుని మా ఇంటికే వస్తున్నారు. అందుకని నాకు తెలిసింది రాస్తున్నా.

ముందుగా ఒక మాట. మీ గ్రూపులో అడిగినవాళ్లను ఎవరూ ఎగతాళి చేయకుండా చూడు. "ఇది కూడా తెలీదా అంకుల్" అని ఒక్కరన్నా చాలు, మిగతా పెద్దవాళ్లంతా నోరు మూసుకుంటారు. నష్టపోయేది అలా అడగకుండా ఉండిపోయినవాళ్లే. మా వీధిలో ఒక టీచరమ్మకి వీడియో కాల్ వచ్చింది. యూనిఫాం వేసుకున్నవాడెవడో మీ పేరున వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, కాల్ కట్ చేస్తే అరెస్ట్ చేస్తాం అని బెదిరించాడు. కోడలు వంటింట్లోనే ఉన్నా ఆవిడ పిలవలేదు. పిలిస్తే ఏమనుకుంటుందోనని భయం. పాల గిన్నె తిరిగివ్వడానికి వెళ్లిన పక్కింటి పిల్ల ఆవిడ ముఖం చూసి ఫోన్ లాక్కుని కట్ చేసింది కాబట్టి సరిపోయింది. ఇలా వీడియో కాల్‌లోనే అరెస్ట్ అని బెదిరించడాన్ని డిజిటల్ అరెస్ట్ అంటున్నారు. మన చట్టంలో అలాంటిదే లేదు, పోలీసులు వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్ట్ చేయరు. ఈ సంగతి గ్రూపులో నెలకోసారైనా పెట్టు, చదివినవాళ్లే మళ్లీ చదివినా ఫరవాలేదు.

ఎవరికైనా డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు, తర్వాత సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించు. "ఎలా నమ్మారండీ" అనే ప్రశ్నలు ఆ తర్వాత చూసుకోవచ్చు. దొంగలు ఆ డబ్బును ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి తిప్పేస్తుంటారు. అది ఏదో ఒక బ్యాంకులో ఉండగానే పట్టుకుంటే ఆపడానికి వీలుంటుంది, డ్రా చేసేశాక కష్టం. తిట్లకు పోయే అరగంట చాలా విలువైంది అమ్మడూ. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికే కావాలి, మనకు డబ్బు రావడానికి అక్కర్లేదు. ఈ ముక్క మీ వాచ్‌మన్‌కీ, ఇళ్లలో పని చేసేవాళ్లకీ దగ్గర కూర్చుని చెప్పు. వాళ్లు గ్రూపులో ఉండరు కదా.

ఇక జవాబులు చెప్పే పద్ధతి. "ఫోన్ పనిచేయట్లేదు" అనగానే రీస్టార్ట్ చేయమనకు. ఏ ఫోను, ఎప్పటినుంచి, దానికి ముందు ఏం చేశారు, స్క్రీన్ మీద ఏం రాసి ఉంది, ఇవి అడుగు. మొన్న ఒకాయన ఫోన్ రింగవట్లేదని వచ్చాడు. సౌండ్ బాగానే ఉంది. మెల్లగా అడిగితే, కొరియర్‌వాడినని ఎవడో ఫోన్ చేసి, స్టార్ గుర్తుతో మొదలయ్యే ఒక నంబరు నొక్కించాడట. సెట్టింగ్స్‌లో చూస్తే కాల్ ఫార్వర్డింగ్ ఆన్ అయి ఉంది. ఈయనకు రావాల్సిన కాల్స్ వాడికి పోతున్నాయి. ఫోన్ చేసి చెప్పే ఓటీపీలు కూడా వాడికే. ##002# కొడితే ఫార్వర్డింగులన్నీ రద్దయ్యాయి. "ముందు ఏం చేశారు" అని అడగకపోతే ఇది బయటపడేదే కాదు.

స్క్రీన్‌షాట్ పంపమన్నప్పుడు ఖాతా నంబర్లు, ఆధార్ నంబరు చెరిపి పంపమను. పెద్దవాళ్లకి నేర్పేటప్పుడు ఫోన్ నీ చేతిలోకి తీసుకోకు. నువ్వు చేస్తే క్షణంలో అయిపోతుంది, కానీ రేపు మళ్లీ నీ తలుపే కొడతారు. మా కింది పోర్షన్ తాతగారు వాట్సాప్‌లో మెట్రో టికెట్ తీసుకోవడం నేర్చుకుంటూ ప్రతి మెట్టూ డైరీలో రాసుకున్నారు: "పచ్చ బొమ్మ నొక్కాలి. 'హాయ్' అని పంపాలి. ఊరుకోవాలి. అదే అడుగుతుంది." ఇప్పుడు ఆయనే అమీర్‌పేటలో ఉన్న స్నేహితులకు చెప్తున్నారు, నాకెంత సంతోషమో!

ఫార్వర్డ్ చిట్కాల దగ్గర గట్టిగా ఉండు. వానాకాలంలో ఫోన్ తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు అంటారు. బియ్యం నలుసులు లోపలికి పోతే ఇంకా పాడవుతుందని, అలా చేయొద్దని ఆపిల్ కంపెనీయే చెప్పింది. తడిసిన ఫోన్ స్విచాఫ్ చేసి, తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందికుండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి తగిలేచోట పెట్టాలి. ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకూడదు. మందుల సలహాలైతే గ్రూపులోకే రానివ్వకు, డాక్టర్ దగ్గరికి వెళ్లమను. కరెంటుకి 1912, వాటర్ బోర్డుకి 155313, ఈ రెండూ పైన పిన్ చేసి పెడితే సగం ప్రశ్నలు తగ్గుతాయి.

ఫోన్లు పోయినప్పటి సంగతి ముందే చూసుకోవాలి. అందరినీ ఇవాళే *#06# కొట్టి, వచ్చే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు, కాగితం మీద రాసుకోమను. పోలీస్ కంప్లయింట్ ఇచ్చి, అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకున్నాక, 2023లో కేంద్రం తెచ్చిన సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఫోన్ బ్లాక్ చేయించవచ్చు. ఇక అబిడ్స్ జగదీశ్ మార్కెట్లోనో ఇంకెక్కడో రిపేరుకి ఇచ్చేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసేసి, ఫొటోలు వేరేచోట దాచుకుని ఇవ్వమను.

సలహా తీసుకున్నవాళ్లని పని అయిందో లేదో వచ్చి చెప్పమను. ఈ అలవాటు ఎక్కడా లేదు, నువ్వు చేయించు. కాకపోతే కాలేదనే చెప్పమను, తర్వాతవాళ్లు ఆ దారిలో టైం పోగొట్టుకోరు. నీకు తెలియనిదైతే తెలియదని రాయి, వేరే ఎవరో చెప్తారు.

మీ నాన్న వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే ఖాతాకి అదనపు తాళంలాంటి పిన్, పెట్టుకున్నాడో లేదో నాకు అనుమానమే. ఈ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు ఆయన చేతే పెట్టించు. ఆ ఆరంకెల పిన్ ఆయన పుట్టినరోజు మాత్రం పెట్టనివ్వకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ