గోల్ఫ్ మైదానంలో గరికను విత్తనాలు చల్లి ఎందుకు పెంచరు?

వేడి ప్రాంతాల గోల్ఫ్ మైదానాల్లో ఎక్కువగా వేసే సంకర గరిక రకాలకు మొలకెత్తే విత్తనం రాదు. అందుకే వాటిని కాడ ముక్కలుగానో, మట్టితో సహా కోసి తెచ్చిన పచ్చిక పలకలుగానో నాటుతారు.

కారణం క్రోమోజోముల లెక్కలో ఉంది. వినాయక చవితికి మనం కోసుకొచ్చే మామూలు గరికకు 36, సన్నాకుల ఆఫ్రికా గరికకు 18. రెండింటి నుంచీ సగం సగం వస్తాయి కాబట్టి, వాటికి పుట్టిన సంకరానికి 27. బేసి సంఖ్య కాబట్టి క్రోమోజోములు సరిగ్గా జతకట్టవు, గింజ కట్టదు. మనం తినే అరటిదీ చాలావరకు ఇదే కథ, పిలకలతోనే సాగు.

ఉదాహరణకు అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్ పరిశోధన కేంద్రం 1960లో విడుదల చేసిన సంకర గరిక రకం టిఫ్‌వే 419. దీని కాడల్ని కణుపులు ఉండేలా తుంచి, చదును చేసిన నేల మీద పరిచి, సగం మట్టిలోకి దిగేలా నొక్కి రోలర్ తిప్పుతారు. వేళ్లు పట్టేదాకా రోజుకు చాలాసార్లు పలచగా నీళ్లు చిలకరించాలి. ఈ దశలో ఒక్క మధ్యాహ్నం ఎండబెట్టినా కాడలు మాడిపోతాయి. వేళ్లు పట్టాక నీటి తడుల మధ్య ఎడం పెంచుతూ పోతారు. కోత కూడా త్వరగానే మొదలవుతుంది, అప్పుడే గడ్డి పక్కలకు అల్లుకుంటుంది.

సంకర గరికకూ కంకులు కనిపిస్తాయి కదా, గింజలు దులిపి చల్లితే సరిపోదా అనుకుంటారు చాలామంది. అవి తాలు కంకులు. బజారులో బెర్ముడా (గరికకు ఇంగ్లీషు పేరు) విత్తనమని ప్యాకెట్లలో అమ్మేది వేరే రకం. మైదానంలో మధ్యమధ్య ఖాళీలు పడ్డాయని దాన్ని చల్లితే, రంగూ ఆకు వెడల్పూ తేడాగా మచ్చలు పడతాయి.