ఐహెచ్‌సీ రాసే ముందు ఒక మాట

కొత్తపేట, గుంటూరు

అమ్మా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పిన ఆ అబ్బాయి మెడ గడ్డ కేసే ఇంకా బుర్రలో తిరుగుతోంది. అదేమిటో తేల్చడానికి ఐహెచ్‌సీలో, అంటే కణాల్లోని ప్రోటీన్లకి (మార్కర్లకి) యాంటీబాడీలతో రంగు పట్టించే పరీక్షలో, "ఇరవై మార్కర్లు పెట్టించేయనా మేడమ్?" అన్నావు. వద్దమ్మా. బ్లాక్‌లో (ముక్కని మైనంలో అచ్చుపోసిన దిమ్మ) ఉన్నది చిన్న ముక్క, డబ్బు కట్టేది మిర్చి రైతు కుటుంబం.

మామూలు హెచ్ అండ్ ఇ (గులాబీ, ఊదా రంగులేసిన) స్లైడ్‌నే ఇంకోసారి తీరిగ్గా చూడు. కణాలు ఒకదానికొకటి అతుక్కున్నాయా, విడివిడిగా పడి ఉన్నాయా? ఎక్కడైనా గ్రంథి ఆకారం గానీ, కెరాటిన్ (చర్మం, గోళ్లలో ఉండే ప్రోటీన్) గానీ, మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) గానీ ఉందా? అనుమానాలు మూడో నాలుగో కాగితం మీద రాసుకున్నాకే యాంటీబాడీలు ఎంచుకో.

మొదటి విడతలో ప్యాన్ సైటోకెరాటిన్, సిడి45, ఎస్-100, సాక్స్10 చాలు. కార్సినోమానా (పైపొరల, గ్రంథుల క్యాన్సర్, ప్యాన్ సైటోకెరాటిన్ చూపిస్తుంది), లింఫోమానా (లింఫోసైట్ల క్యాన్సర్, సిడి45), మెలనోమానా (మెలనిన్ తయారుచేసే కణాల క్యాన్సర్, ఎస్-100, సాక్స్10) అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది. విమెంటిన్‌కి డబ్బు పెట్టించకు, అది చాలా రకాల ట్యూమర్లలో వస్తుంది. కార్సినోమా అని తేలితే అప్పుడు రెండో విడత. పి40 వస్తే స్క్వామస్ (పొలుసుల్లాంటి పైపొర కణాల) కార్సినోమా వైపు ఆలోచించు. టిటిఎఫ్-1 ఊపిరితిత్తుల్లోనూ వస్తుంది, థైరాయిడ్‌లోనూ వస్తుంది. గాటా3 రొమ్ములో, మూత్రాశయంలో. పాక్స్8 కిడ్నీ, థైరాయిడ్, అండాశయం. ఒక్క మార్కర్‌ని పట్టుకుని రిపోర్టు రాయకూడదని నేను పదే పదే అనేది ఇందుకే.

నా చేతుల మీదుగా జరిగిన తప్పు చెప్తాను. ఒక కుర్రాడి మెడ గడ్డలో పెద్ద పెద్ద కణాలు, లింఫ్ నోడ్ లోపలి సందుల్లో (సైనస్‌లలో) గుంపులుగా ఉన్నాయి. సిడి45 నెగటివ్, ఈఎంఏ (ఎక్కువగా కార్సినోమాలో వచ్చే మార్కర్) పాజిటివ్. కార్సినోమా పాకిందని రాసేశాను. కెరాటిన్ నెగటివ్ వచ్చినా సర్దిచెప్పుకున్నాను. రెండో అభిప్రాయంలో సిడి30 (కొన్ని లింఫోమాల్లో వచ్చే మార్కర్) వేస్తే కణాలన్నీ గోధుమరంగుకి, అంటే పాజిటివ్‌కి, తిరిగాయి. అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా. అందులో సిడి45 రాకపోవచ్చు, ఈఎంఏ రావచ్చు. కీమోతో నయం చేయగలిగిన జబ్బుని నేను ముదిరిన క్యాన్సర్ అన్నాను. ఆ తల్లి ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. నీ అంచనాకి పొసగని ఫలితం వచ్చినప్పుడు అక్కడే ఆగు, దాన్ని పక్కకి నెట్టకు.

స్టెయిన్‌నీ గుడ్డిగా నమ్మకు. సిడి45 వేసిన నోడ్‌లో మామూలు లింఫోసైట్లు కూడా గోధుమరంగుకి రాకపోతే స్టెయినే ఫెయిలయింది, ట్యూమర్ నెగటివ్ అని రాయకూడదు. టిటిఎఫ్-1 కేంద్రకంలో పడాలి, సైటోప్లాజంలో పడితే లెక్కలోకి తీసుకోకు. ఊపిరితిత్తుల నోడ్‌లో బొగ్గుమరకల్ని, మెలనోమాలో మెలనిన్‌ని చూసి పాజిటివ్ అనుకున్నవాళ్లున్నారు.

ఇంకోటి, మీ సర్జన్లకి గట్టిగా చెప్పు. విజయవాడ ఎండల్లో ముక్కని సెలైన్‌లో పెట్టి సాయంత్రానికి పంపితే ఏ యాంటీబాడీ వేసినా లాభం లేదు. పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ (ముక్క చెడకుండా నిలిపే ద్రవం), ముక్కకి పదింతలు ఉండాలి. పెద్ద స్పెసిమెన్‌ని కోసి మరీ ముంచాలి, లేకపోతే లోపలికి ఇంకదు. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ రిసెప్టర్లు, హెర్2 (మందు ఎంపికకి చూసే ప్రోటీన్లు) చూడాలంటే గంటలోపే ఫార్మలిన్‌లో పడాలి, 6 నుంచి 72 గంటలు ఉండాలి. ఇక్కడ జరిగిన పొరపాటుకి ఆ మనిషి సరైన మందుకి దూరమవుతుంది.

రిపోర్టు కోసం ఆ అబ్బాయి ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతుంటారు, నిజమే. అయినా రెండు రోజులు అడుగు. కుదరకపోతే "ఇంకా తేలలేదు, ఇవి అనుమానిస్తున్నాం" అని రాయడం నామోషీ కాదు.

శనివారం మధ్యాహ్నం బస్సెక్కి రా. స్లైడ్లూ, బ్లాకూ, ఆ అబ్బాయి స్కాన్ రిపోర్టూ మూడూ తెచ్చుకో. ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మేడమ్