5వ రోజు కోడిపిండం: రెక్కమొగ్గ అంతా గోధుమ రంగే, నరాలు కనబడట్లేదు

నరాలకు రంగు పట్టించే మీ న్యూరోఫిలమెంట్ (నరకణాల ప్రోటీన్) యాంటీబాడీని అనుమానించకండి. రక్తకణాల్లోని పెరాక్సిడేజే డీఏబీని (పెరాక్సిడేజ్ ఎంజైమ్ తగిలితే గోధుమ రంగయ్యే రసాయనం) రంగుగా మారుస్తుండొచ్చు. ప్రైమరీ (న్యూరోఫిలమెంట్‌కు అంటుకునే మొదటి యాంటీబాడీ), సెకండరీ (దానికి అంటుకునే, పెరాక్సిడేజ్ తగిలించిన రెండో యాంటీబాడీ) రెండూ వేయకుండా డీఏబీ మాత్రమే వేసిన పిండం కూడా గోధుమ రంగుకు తిరిగితే ఇక సందేహం లేదు.

1. 4% పారాఫార్మాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి, కడిగి, మిథనాల్‌లోకి మార్చండి.

2. రక్తంలోని పెరాక్సిడేజ్‌ను పనిచేయకుండా చేసేది, చాలామంది వదిలేసేది ఇదే: మిథనాల్ 4 పాళ్లు, డీఎంఎస్‌వో (ఒక ద్రావణి) 1, 30% హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 కలిపి రాత్రంతా ఉంచండి. గుండె దగ్గర ఎర్రదనం పోయి, పిండం పాలలా తెల్లబడాలి. లేదంటే ఇంకో రోజు. పెరాక్సైడ్ సీసా బెంచి మీదే ఉంటోందా? హైదరాబాద్ ఎండలకు దాని బలం తగ్గిపోతుంది, ఫ్రిజ్‌లోది తీయండి.

3. ప్రైమరీ 4 డిగ్రీల దగ్గర 3 రోజులు. తర్వాత గంటకోసారి మారుస్తూ 5 సార్లు కడగండి. సెకండరీకీ అంతే.

4. డీఏబీ వేశాక మైక్రోస్కోప్ వదలొద్దు. నరాలు తేలగానే కడిగేయండి.